ఎర్రబడిన చుక్క ఏం చెబుతుంది, ఏం చెప్పదు: వారంటీ తిరస్కరణల వెనక ఉన్న సాక్ష్యం గురించి

గత వానాకాలంలో మా అమ్మ ఫోను తీసుకుని కాకినాడలో ఒక సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాను. ఫోను కొని ఎనిమిది నెలలైంది. అమ్మ మాట్లాడుతుంటే అవతలివాళ్ళకు వినపడడం లేదు, అంతకుమించి దానికి ఏ జబ్బూ లేదు. కౌంటర్లో ఉన్న కుర్రాడు సిమ్ ట్రే బయటికి లాగి, ఆ సందులోకి టార్చి వేసి, భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నాడు. లోపల ఆవగింజంత చుక్క ఒకటి, తెల్లగా ఉండాల్సింది, తడిసిన కుంకుమలా ఎర్రగా కనబడింది. "నీళ్ళు పోయాయి సార్, లిక్విడ్ డ్యామేజ్. వారంటీలో రాదు" అంటూ జాబ్ షీట్ మీద అదే మాట రాసేశాడు. ఫోను విప్పి చూశారా అని అడిగితే, చుక్క ఎర్రబడ్డాక విప్పాల్సిన అవసరం లేదన్నాడు. "తడి చేత్తో కూడా ముట్టుకోలేదు బాబూ" అని అమ్మ అంటూనే ఉంది.

ఆ కుర్రాడు అబద్ధమాడలేదు. చుక్క నిజంగానే ఎర్రబడింది. అయితే "ఫోనుకు నీరు తగిలిన గుర్తు ఉంది" అనే మాటకూ, "నీరు తగలడం వల్లే మైకు చెడిపోయింది" అనే మాటకూ మధ్య చాలా దూరం ఉంది. మొదటిది కంటికి కనబడే విషయం; రెండోది పరీక్ష చేసి తేల్చవలసిన విషయం. మన దగ్గర వారంటీ తగాదాల్లో ఎక్కువ భాగం ఈ రెంటినీ ఒకటిగా కలిపేయడం వల్ల పుడుతున్నవే. గుర్తును కారణంగా చెలామణీ చేయడం కంపెనీవైపు జరిగే పొరపాటైతే, గుర్తే లేదని దబాయించడం కొన్నవారివైపు జరిగే పొరపాటు. అసలు ఏ గుర్తు ఏ మేరకు ఏం చెప్పగలదో తెలిస్తే ఈ రెండూ తగ్గుతాయి.

ముందుగా వారంటీ అంటే ఏమిటో స్పష్టంగా చెప్పుకోవాలి. చాలా కంపెనీలు ఫోనుకు ఒక ఏడాది, బ్యాటరీ, చార్జర్ వంటివాటికి కొన్నిసార్లు ఆరు నెలలు ఇస్తాయి. ఆ గడువులో ఏం జరిగినా బాగుచేస్తామన్న హామీ కాదది. పదార్థంలోనో తయారీలోనో ఉన్న లోపం బయటపడితే బాగుచేస్తామన్న హామీ మాత్రమే. కాబట్టి జారి పడడం, తడవడం, అధిక వోల్టేజి రావడం, బయట విప్పించడం వంటివి వారంటీ కార్డులో మినహాయింపులుగా ఉంటాయి. సర్వీస్ సెంటర్ల భాషలో వీటన్నిటికీ కలిపి ఒకటే పేరు: సీఐడీ, అంటే కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్. డబ్బు కట్టి కొనుక్కునే ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా సాధారణంగా ఇదే హామీని మరో ఏడాదో రెండేళ్ళో సాగదీస్తుంది తప్ప, జారిపడి పగిలిన తెరను మార్చదు. అలా పగిలినదానికీ తడిసినదానికీ రక్షణ కావాలంటే తీసుకోవలసింది యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్. ఈ రెంటికీ తేడా చెప్పకుండా అమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి.

నీటి గుర్తులు

ఆ ఎర్రచుక్కను సాంకేతికంగా లిక్విడ్ కాంటాక్ట్ ఇండికేటర్ అంటారు. పైన నీటిని పీల్చే తెల్లని పొర, దాని కింద నీటిలో కరిగే ఎర్రరంగు ఉంటాయి. నీటిబొట్టు తగిలితే కిందిరంగు కరిగి పైకి పాకుతుంది, మళ్ళీ వెనక్కి పోదు. దాన్ని గాలిలోని తేమకు కాక ద్రవరూపంలోని నీటికి స్పందించేలా రూపొందిస్తారు. చాలా ఫోన్లలో సిమ్ ట్రే సందులో ఒకటి, లోపల సర్క్యూట్ బోర్డు మీద మరికొన్ని ఉంటాయి. బయటి చుక్క ఒక్కటే ఎర్రబడి లోపలివి తెల్లగానే ఉన్నాయంటే నీరు గుమ్మం దగ్గరే ఆగిపోయిందని అర్థం చేసుకోవచ్చు. అన్నీ ఎర్రబడితే లోపలంతా తిరిగిందని అర్థం. ఒక్క బయటి చుక్కను చూసి తీర్పు చెప్పడం ఎందుకు చాలదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ విషయం మీద అమెరికాలో పెద్ద వ్యాజ్యమే నడిచింది. తొలితరం ఐఫోన్లలో, ఐపాడ్ టచ్‌లలో ఈ చుక్కలు హెడ్‌ఫోన్ రంధ్రంలోనూ చార్జింగ్ రంధ్రంలోనూ ఉండేవి, అంటే బయటి గాలికి నేరుగా తగిలేవి. అవి గులాబీ రంగుకు మారాయన్న కారణంతో తమకు వారంటీ నిరాకరించారని వినియోగదారులు దావా వేశారు. తేమ వల్ల కూడా ఆ చుక్క క్రమంగా గులాబీ రంగుకు తిరగవచ్చన్న వాదన అందులో ముఖ్యమైనది. చివరికి 2013లో యాపిల్ సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 5 కోట్ల 30 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. తరవాతి ఫోన్లలో చుక్కను సిమ్ ట్రే సందులోకి మార్చారు.

ఇక ఫోను నీటిని ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే ఐపీ67, ఐపీ68 అన్న గుర్తింపుల విషయం. ఇవి ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం నుంచి వచ్చాయి. చివరి అంకె 7 అయితే మీటరు లోతు నీటిలో 30 నిమిషాల పాటు ఉంచినా హాని జరగకూడదని అర్థం. 8 అయితే అంతకంటే కఠినమైన పరిస్థితి. ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారే ప్రకటిస్తాడు. పరీక్ష జరిగేది కొత్త పరికరం మీద, మంచినీటిలో, ప్రయోగశాలలో. ఉప్పునీరు, సబ్బునీరు, వేడి ఆవిరి అందులో లేవు. రెండేళ్ళు జేబులో తిరిగి, రెండుసార్లు కిందపడి, ఒకసారి తెర మార్పించుకున్న ఫోనులో అంచుల జిగురు మొదటిరోజు ఉన్నంత గట్టిగా ఉండదు. ఇదంతా అర్థం చేసుకోదగ్గదే. కానీ ఒకే కంపెనీ ప్రకటనలో ఫోనును ఈతకొలనులో ముంచి చూపించి, వారంటీ కాగితంలో నీరు తగిలితే మాకు సంబంధం లేదని రాయడం మాత్రం సమర్థించుకోలేని పని. ఇటలీలో పోటీ వ్యవహారాల సంస్థ 2020 నవంబరులో యాపిల్‌కు కోటి యూరోల జరిమానా వేసింది సరిగ్గా ఈ వైరుధ్యం మీదే. నీటిలో ఫోను తట్టుకుంటుందన్న ప్రకటనలు ప్రయోగశాల పరిస్థితులకే వర్తిస్తాయని స్పష్టం చేయలేదనీ, పైగా ద్రవం వల్ల దెబ్బతిన్న ఫోన్లకు వారంటీ సాయం నిరాకరిస్తున్నారనీ ఆ సంస్థ తప్పుపట్టింది. ఆస్ట్రేలియాలో 2022 జూన్‌లో ఫెడరల్ కోర్టు శామ్‌సంగ్ సంస్థకు 1 కోటి 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. గెలాక్సీ ఫోన్లను కొలనుల్లోనూ సముద్రంలోనూ వాడినట్టు చూపిన ప్రకటనలే అక్కడ అభియోగానికి ఆధారం. తడి ఆరకముందే చార్జింగ్ పెడితే చార్జింగ్ రంధ్రం తుప్పుపట్టే ప్రమాదం ఉందన్న సంగతి ఆ కేసులో కీలకమైంది.

తుప్పు గురించి కాస్త లోతుగా చెప్పాలి, ఎందుకంటే అసలు సాక్ష్యం ఉండేది అక్కడే. బోర్డును పాడుచేసేది ఒట్టి నీరు కాదు. నీరు, దానిలో కరిగిన లవణాలు, వాటికి తోడు విద్యుత్తు కలిసినప్పుడే హాని జరుగుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు లోహపు దారుల మధ్య తడి నిలిచి, వాటి మధ్య వోల్టేజి ఉన్నప్పుడు, ఒక దారిలోని లోహం అయాన్లుగా కరిగి రెండోదాని వైపు నడుస్తుంది. అక్కడ పేరుకుని చెట్టుకొమ్మల్లా పెరుగుతూ చివరికి రెంటినీ కలిపేసి షార్ట్ చేస్తుంది. అందుకే ఫోను ఆపివేసినా బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ప్రవహించే చోట్లే తుప్పు ముందు పడుతుంది. రాగి ఉన్నచోట ఆకుపచ్చని పొర కడుతుంది. నీరు ఏ రంధ్రం నుంచి వచ్చిందో, ఎంతదూరం పాకిందో ఆ పొర దారి చూపిస్తుంది. చెడిపోయిన భాగం ఆ దారిలో ఉంటే కారణం దొరికినట్టే. లేకపోతే వేరేచోట వెతకాలి.

ఇక్కడొక చిక్కు ఉంది. బోర్డు మీద కనబడే ప్రతి తెల్లని పొరా నీటి వల్ల వచ్చినది కాదు. టంకం వేసేటప్పుడు వాడే ఫ్లక్స్ అనే రసాయనం కర్మాగారంలోనే కొంత మిగిలిపోయి తెల్లగా కనబడవచ్చు. పైగా ఆ అవశేషం ఎక్కువగా ఉంటే, గాలిలోని తేమనే పీల్చుకుని తుప్పుకు తనే దోహదం చేస్తుంది. అప్పుడది వినియోగదారు తప్పు కాదు, తయారీ లోపం. ఈ రెంటినీ కంటితో విడదీయడం కష్టం. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి జోడించిన పరికరంతో ఆ పొరలో ఏ మూలకాలున్నాయో చూస్తే తేలుతుంది. సోడియం, క్లోరిన్ ఎక్కువగా కనబడితే చెమటో ఉప్పునీరో అని అనుమానించవచ్చు. ఏ సర్వీస్ సెంటర్లోనూ ఈ పరికరం ఉండదు. ప్రతి ఫోనుకూ ఆ పరీక్ష చేయమనడం కూడా న్యాయం కాదు. కానీ కనీసం విప్పి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, చెడిపోయిన భాగం దగ్గర ఫోటో తీసి చూపించడం వాళ్ళ చేతిలో పనే.

అమ్మ ఫోను విషయంలో నేను అడిగింది అదే. కారణం కాగితం మీద రాసివ్వమన్నాను. ఆ పక్కన కూర్చున్న పెద్ద టెక్నీషియన్ ఒకాయన కల్పించుకుని ఫోను లోపలికి తీసుకెళ్ళాడు. ముప్పావుగంట తరవాత మమ్మల్ని పిలిచి కెమెరా స్క్రీన్ మీద చూపించాడు. మైకు ఉండేది సిమ్ ట్రే దగ్గర కాదు, అడుగున చార్జింగ్ రంధ్రం పక్కనున్న చిన్న సబ్‌బోర్డు మీద. మైకు రంధ్రం చుట్టూ ఉంగరంలా ఆకుపచ్చని పొర కట్టి ఉంది, మైకును బోర్డుకు కలిపే ఒక లోహపు కాలును తుప్పు దాదాపు తినేసింది. పైన మెయిన్ బోర్డు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. "వంటింట్లో పెట్టుకుంటారా అమ్మా?" అని ఆయన అడిగాడు. రోజూ పొద్దున వంట చేస్తూ, ఫోనును పొయ్యి గట్టు మీద డబ్బాకు ఆనించి భక్తి చానల్ పెట్టుకోవడం అమ్మకు అలవాటు. కుక్కరు ఆవిరి దాని అడుగు అంచుకే తగిలేది. సబ్‌బోర్డు మార్చడానికి డబ్బు కట్టాం. ఆ నిర్ణయం మీద నాకు తగవు లేదు, ఎందుకంటే రెండోసారి వాళ్ళు చూపించింది గుర్తు కాదు, కారణం. మొదటిసారి కూడా ఫలితం అదే కావచ్చు, కానీ అప్పుడు వాళ్ళకది తెలియదు.

తడిసిన ఫోనును బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు గురించి కూడా ఒకమాట. మన ఇళ్ళలో అది ఆచారంలా పాతుకుపోయింది. బియ్యం లోపలి నీటిని లాగదు; బియ్యపు పొట్టూ పిండీ రంధ్రాల్లో చేరి అదనపు హాని చేస్తాయి. యాపిల్ సంస్థ తన సూచనల్లో దీన్ని చేయవద్దని ప్రత్యేకంగా చెప్పింది. చార్జింగ్ రంధ్రంలో పిండి కనబడితే ఫోను తడిసిందన్న సంగతి ఇక ఎవరూ చెప్పనక్కరలేదు.

దెబ్బ గుర్తులు

జారిపడిన దెబ్బను గుర్తించడం నీటికంటే సులువనిపిస్తుంది. గాజు మీద దెబ్బ తగిలిన చోట పిండి అయినట్టు తెల్లని మచ్చ ఏర్పడి, అక్కడినుంచి పగుళ్ళు సాలెగూడులా బయటికి పాకుతాయి. అంచు లోహం మీద సొట్ట ఉంటుంది. అలాంటి కేంద్రబిందువు ఎక్కడా లేకుండా అంచునుంచి ఒకే గీతలా పగులు వచ్చిందంటే, బయటి దెబ్బే కారణమని వెంటనే అనలేం. లోపల బ్యాటరీ ఉబ్బి తెరను పైకి నెట్టినా అలా రావచ్చు. ఉబ్బిన బ్యాటరీ తయారీ లోపం కావచ్చు, వేడిలో పెట్టడం వల్ల కావచ్చు. టీవీల్లో మరో చిక్కుంది. ప్యానెల్ గాజు మీద ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి లోపల పగిలినా పైన చేతికి నునుపుగానే తగులుతుంది. వేసి చూస్తే మాత్రం గీతలూ నల్లమచ్చా కనబడతాయి. అది మన ఇంట్లో పగిలిందా, దారిలో లారీలో పగిలిందా అన్నది పగులు చెప్పదు. డెలివరీ తెచ్చినవాళ్ళ ముందే పెట్టె విప్పి, కరెంటు ఇచ్చి చూసి, ఆ మొత్తాన్ని వీడియో తీసుకోవడం ఒక్కటే దీనికి మందు.

దెబ్బ తగిలిందన్నది నిజమే అయినా కథ అక్కడ ముగియదని చెప్పడానికి ఐఫోన్ 6 ప్లస్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2014లో వచ్చిన ఆ ఫోన్లలో కొంతకాలానికి తెర పైభాగాన బూడిదరంగు పట్టీ మిణుకుమిణుకుమంటూ స్పర్శకు స్పందించడం మానేసేది. స్పర్శను నియంత్రించే చిప్ కింద ఉన్న టంకం అతుకులు చిట్లడమే కారణం. 2016 నవంబరులో యాపిల్ దీనికి మరమ్మతు పథకం ప్రకటించింది. అయితే ఫోను గట్టి నేలమీద పలుమార్లు పడి, ఆపైన మరింత ఒత్తిడికి గురైతే ఈ లోపం వస్తుందని చెబుతూ 149 డాలర్లు రుసుం పెట్టింది. అంటే బాధ్యతను వాడినవారి చేతిమీదకు నెట్టింది. రెండేళ్ళ తరవాత, 2018లో, ఈ లోపం మీద వినియోగదారులు వేసిన వ్యాజ్యంలో కోర్టు పత్రాల ద్వారా వేరే సంగతి బయటపడింది. ఐఫోన్ 5ఎస్‌తో పోలిస్తే ఐఫోన్ 6 వంగే అవకాశం 3.3 రెట్లు, 6 ప్లస్ వంగే అవకాశం 7.2 రెట్లు ఎక్కువని కంపెనీ సొంత పరీక్షల్లోనే తేలింది. పైగా ఆ చిప్ కింద అతుకులకు బలమిచ్చే ఎపాక్సీ అనే గట్టి జిగురు పూతను 2016 మే నుంచి చేర్చడం మొదలుపెట్టారు. ఫోన్లు కిందపడే ఉంటాయి, కాదనను. కానీ చేతిలో వాడే ఏ ఫోనైనా ఎప్పుడో ఒకసారి పడుతుంది. పడితే వంగే శరీరం, వంగితే చిట్లే అతుకు ఉన్నది డిజైన్‌లోనే. అలాంటప్పుడు దాన్ని కొన్నవారి నిర్లక్ష్యం అనడం నాకు న్యాయంగా తోచదు.

టంకం అతుకు ఎందుకు చిట్లిందో నిజానికి ఆ చిట్లిన తీరే చెబుతుంది. బోర్డును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, వేడెక్కి చల్లబడడం వల్ల అలసి చిట్లిన అతుకులో పగులు టంకం ముద్ద మధ్యలోంచి పోతుంది. ఒక్కసారిగా పడిన దెబ్బకు చిట్లితే, సాధారణంగా టంకానికీ రాగికీ మధ్యనున్న పెళుసైన మిశ్రమ పొర దగ్గర విరుగుతుంది. మొదటిది డిజైన్ వైపూ రెండోది చేయి జారడం వైపూ వేలు చూపిస్తాయి. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 ఆటపెట్టెల మీద మూడు ఎర్రదీపాలు వెలిగి ఆగిపోయే జబ్బు ఈ మొదటి కోవలోదే. ఆ కంపెనీ 2007 జులైలో ఆ లోపానికి వారంటీని మూడేళ్ళకు పొడిగించి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. గాలాడని చోట పెట్టుకున్నారని వాడినవారి మీదకు తోసేయడం ఆ రోజుల్లో సులువైన పనే, అయినా చివరికి ఆ పని చేయలేదు.

తెర మీద నిలువుగా ఆకుపచ్చ గీత పడే సమస్య గురించి మన దేశంలో చాలామందికి అనుభవమే. 2023, 2024 సంవత్సరాల్లో దాని మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఏ దెబ్బా లేని ఫోన్లలో కూడా అది రావడంతో వన్‌ప్లస్ వంటి సంస్థలు భారతదేశంలో ఆ గీతకు గడువుతో పనిలేకుండా తెర మార్చే పథకాలు ప్రకటించాయి. మీ ఫోనులో ఆ గీత వచ్చి, అంచున ఎక్కడో చిన్న గీటు ఉందన్న కారణంతో ఫిజికల్ డ్యామేజ్ అని రాస్తే, ఆ గీటుకూ ఈ గీతకూ సంబంధమేమిటని అడగడంలో తప్పులేదు.

కరెంటు, ఎండ

టీవీలు, ఫ్రిజ్‌లు, ఏసీల విషయంలో తరచూ వినిపించే కారణం వోల్టేజి. మన ఇళ్ళకు రావలసింది 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే, ఏ ఇంట్లో ఎంత లోడు ఉందన్నదాన్నిబట్టి కొన్ని ఇళ్ళకు 400 వోల్టుల దాకా రావచ్చు. "న్యూట్రల్ పోయింది, వీధిలో టీవీలన్నీ కాలిపోయాయి" అన్న మాట పల్లెల్లో పెరిగిన ప్రతివారూ విన్నదే. పవర్ బోర్డులో దీనికి సాక్షి ఒకటుంటుంది. ఎంఓవీ అనే గుండ్రని బిళ్ళ అధిక వోల్టేజిని తన మీదకు తీసుకుని పగిలిపోతుంది, చుట్టూ మసి కొడుతుంది, పక్కన ఫ్యూజు గాజు నల్లబడుతుంది. ఇవి కనబడితే వోల్టేజి కారణమన్న మాటకు బలం ఉంది. బిళ్ళ చెక్కుచెదరకుండా ఉండి, కెపాసిటర్ల తల మాత్రం ఉబ్బి ఉంటే, అది వేడికి మగ్గి ముందే ముసలిదైన భాగం కావడానికే అవకాశం ఎక్కువ. ఏడాది తిరగకుండానే అలా అయిందంటే ఆ భాగం నాణ్యతను ప్రశ్నించాలి. ఒకవేళ కారణం నిజంగా వోల్టేజే అయినా బాధ్యత మనదే అని అనుకోనక్కరలేదు. వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో విద్యుత్ సరఫరా కూడా ఉంది, కాబట్టి అడగవలసిన చోటు విద్యుత్ పంపిణీ సంస్థ కావచ్చు.

ఎండ సంగతి ఇంకా విచారించదగ్గది. యాపిల్ తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడమని చెబుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. విజయవాడలో వేసవి పగలు చాలావరకు 35 పైనే గడుస్తుంది. లిథియం బ్యాటరీ వేడికి త్వరగా ముసలిదవుతుందన్నది రసాయనశాస్త్రం, దానితో పేచీ లేదు. అయితే ఏటా మూడు నెలలు ఆ హద్దు దాటే ఊళ్ళో దుకాణం తెరిచి అమ్మినవారు, ఆ ఊరి మామూలు ఎండనే దుర్వినియోగం కింద జమకట్టడం ఎంతవరకు సబబు? 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ అమ్మిన వస్తువు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్న షరతు గురించి మాట్లాడుతుంది. ఇలాంటి ప్రశ్నను ఆ కోణంలో పెట్టవచ్చు.

సాఫ్ట్‌వేర్ జోక్యాన్ని గుర్తించడం వీటన్నిటికంటే తేలిక. శామ్‌సంగ్ ఫోన్లలో అనధికార సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే చిప్‌లోని ఒక సూక్ష్మ ఫ్యూజు శాశ్వతంగా కాలిపోయి, ఆ కంపెనీ భద్రతా వ్యవస్థ అయిన నాక్స్‌లో లెక్క సున్నా నుంచి ఒకటికి మారుతుంది. దాన్ని వెనక్కి తిప్పలేం. కానీ అక్కడ కూడా ప్రశ్న అదే: సాఫ్ట్‌వేర్ మార్చినందుకు చార్జింగ్ రంధ్రం వదులైందా? స్టిక్కర్ చించితే వారంటీ పోతుందన్న హెచ్చరికల మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018 ఏప్రిల్‌లో ఆరు కంపెనీలకు లేఖలు రాసింది. ఫలానా విడిభాగాలో ఫలానా సేవలో వాడితేనే వారంటీ ఇస్తామనడం అక్కడి 1975 నాటి వారంటీ చట్టం ప్రకారం సాధారణంగా చెల్లదు.

రుజువు ఎవరి మీద?

చట్టం దగ్గరకొస్తే అసలు కీలకం ఇదే. ఐరోపా సమాఖ్య 2019లో తెచ్చిన ఆదేశం ప్రకారం, వస్తువు చేతికొచ్చిన ఏడాది లోపల లోపం బయటపడితే అది మొదటినుంచీ ఉన్నదేనని భావిస్తారు. కాదని రుజువు చేయవలసింది అమ్మినవారు. బ్రిటన్‌లో 2015 చట్టం ఇదే వెసులుబాటును ఆరు నెలలకు ఇస్తుంది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అలాంటి గడువు ఏదీ లేదు. సేవాలోపాన్ని రుజువు చేసే భారం ఫిర్యాదుదారు మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో చెప్పింది. ఈ ఒక్క తేడా వల్లే కౌంటర్ దగ్గర మన మాటకు బరువు తక్కువ. ఫోను విప్పే పనిముట్లు, సూక్ష్మదర్శిని, లాగ్ ఫైళ్ళు అన్నీ వాళ్ళ దగ్గర ఉండగా రుజువు చేయవలసింది మనం కావడం తిరగేసిన తక్కెడ. మొదటి ఆరు నెలలకైనా మనకూ బ్రిటన్ పద్ధతి రావాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఉన్న చట్టంలో దారులు లేకపోలేదు. లోపాన్ని పరీక్ష చేయకుండా తేల్చలేని పరిస్థితిలో 38వ సెక్షన్ కింద జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును తగిన ప్రయోగశాలకు పంపవచ్చు. మనం నివసించే ఊళ్ళోనో పనిచేసే ఊళ్ళోనో ఫిర్యాదు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న నగరానికి వెళ్ళనక్కరలేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపుంటే రుసుం లేదు. కారణం ఏర్పడిన రెండేళ్ళలోపు వేయాలి. అంతకంటే ముందు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తే, చాలా గొడవలు అక్కడే తెమిలిపోతాయి. అదే చట్టంలోని ఉత్పత్తి బాధ్యత అధ్యాయం మాత్రం ఇలాంటి సందర్భంలో పనికిరాదు, ఎందుకంటే అందులో హాని అన్న మాట వస్తువు తనకుతాను చెడిపోవడాన్ని కలుపుకోదు. బ్యాటరీ పేలి చెయ్యి కాలితే అది అక్కడికి వెళుతుంది. బ్యాటరీ మాత్రమే ఉబ్బితే వెళ్ళదు.

ఇవన్నీ నిలబడాలంటే సాక్ష్యం మిగిలి ఉండాలి. సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేముందే ఫోనును అన్నివైపులా ఫోటో తీసి, జాబ్ షీట్‌లో అప్పటికున్న గీట్లూ సొట్టలూ రాయించండి. తిరస్కరిస్తే ఏ భాగం చెడిపోయింది, ఏ గుర్తు ఎక్కడ కనబడింది, ఆ గుర్తు వల్ల ఆ భాగం ఎలా చెడింది అన్న మూడింటికీ రాతపూర్వకంగా జవాబు అడగండి. బోర్డు ఫోటోలు అడగండి. తగాదా తేలకముందు బయట షాపులో విప్పించకండి. అక్కడ రసాయనంతో బ్రష్ కొట్టి కడిగేస్తే పనిచేయడం మొదలుపెట్టినా పెట్టవచ్చు, కానీ తుప్పు నడిచిన దారి చెరిగిపోతుంది, ఆ తరవాత ఏ ప్రయోగశాలా ఏమీ చెప్పలేదు. డబ్బు కట్టి భాగం మార్పించుకుంటే పాత భాగాన్ని అడిగి తీసుకోండి. అమ్మ ఫోనులోంచి తీసిన ఆ గోరంత సబ్‌బోర్డును చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి బిల్లుకు పిన్ను కొట్టి ఉంచాను. మైకు రంధ్రం చుట్టూ ఉన్న ఆకుపచ్చ ఉంగరం ఇప్పటికీ అలాగే ఉంది.